డీజిల్ పంపు మార్చాలా, బాగు చేయించాలా?

యంత్రాల గురించి పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

యాసంగి పనులు మొదలయ్యే ముందు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఇంజన్ మరమ్మతుకు సంబంధించినవే ఎక్కువగా ఉంటాయి. ఈసారి నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి రాసినవారు దాదాపు అందరూ అడిగినది ఒకటే: పాడైన భాగాన్ని తీసేసి కొత్తది బిగించాలా, ఉన్నదానినే బాగు చేయించుకోవాలా? భాగాన్ని బట్టి, అది అరిగిన తీరును బట్టి జవాబు మారుతుంది కాబట్టి ఐదు ఉత్తరాలను తీసుకొని విడివిడిగా రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే రైతు డబ్బు అనవసరంగా పోయేది ఎక్కువగా ఇంజన్‌కు ఒత్తిడితో డీజిల్ అందించే డీజిల్ పంపు దగ్గరేనని నా అనుభవం.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. మా మూడు సిలిండర్ల 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పద్నాలుగేళ్లు నిండాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. రోటావేటర్‌తో రెండు గంటలు దున్ని, ఆపి, అన్నం తిని వచ్చి సెల్ఫ్ కొడితే ఎంతకూ అందుకోదు. గంటసేపు చల్లారితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. లోడ్ మీద బలం కూడా తగ్గింది, పొగ మాత్రం పెద్దగా లేదు. కంపెనీ వర్క్‌షాపులో చూపిస్తే పంపు మొత్తం పోయింది, కొత్తదే పెట్టాలి, 40 వేల రూపాయల దాకా అవుతుందన్నారు. పంపులు బాగుచేసే షాపువాళ్లు మూడో వంతు ఖర్చులో చేసిస్తామంటున్నారు. నాట్లు దగ్గర పడుతున్నాయి. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

సమాధానం: మీరు లక్షణాలను ఎంతో జాగ్రత్తగా గమనించి రాశారు, సగం సమాధానం వాటిలోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం, వేడెక్కాక కాకపోవడం, చల్లారితే మళ్లీ కావడం అనేవి పంపు లోపలి ఎలిమెంట్లు అరిగినప్పుడు కనిపించే గుర్తులు. ఎలిమెంట్ అంటే బ్యారెల్ అనే చిన్న ఉక్కు గొట్టమూ, అందులో పైకీ కిందికీ ఆడే ప్లంజరూ కలిసిన జత. మూడు సిలిండర్ల ఇంజన్‌కు పంపులో మూడు జతలు ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తు చేసుకుంటే ఆ ఖాళీ ఎంత సన్ననిదో అర్థమవుతుంది. అక్కడ రబ్బరు రింగు గానీ ప్యాకింగ్ గానీ ఏదీ ఉండదు, ఉక్కు ఉక్కుకు అంత దగ్గరగా కూర్చోవడమే డీజిల్‌ను ఆపుతుంది. అరుగుదల వల్ల ఆ ఖాళీ పెరిగినప్పుడు, సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగంలో ప్లంజర్ పైకి లేచే లోపే, వేడికి పలచబడిన డీజిల్ పక్కల నుంచి కిందికి జారిపోయి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన ఒత్తిడి రాకుండా పోతుంది. చల్లని డీజిల్ కొంచెం చిక్కగా ఉంటుంది కాబట్టి అంతగా జారదు. ఇంజన్ వేగంగా నడుస్తున్నప్పుడు జారడానికి సమయం చాలదు కాబట్టి నడుస్తూనే ఉంటుంది, కానీ సిలిండర్‌లోకి చేరే డీజిల్ కొలత తగ్గి, మీరు చెప్పినట్టు, పొగ లేకుండానే బలం తగ్గుతుంది.

దీన్ని పొలంలోనే కొంతవరకు నిర్ధారించుకోవచ్చు. ఇంజన్ వేడిగా ఉండి స్టార్ట్ కానప్పుడు, ఇంజన్ ఆగి ఉన్న స్థితిలోనే, తడిపిన గోనెసంచిని పంపు మీద పది నిమిషాలు కప్పి ఉంచి, తర్వాత సెల్ఫ్ కొట్టి చూడండి. వెంటనే అందుకుంటే అనుమానం పంపు మీద బలపడుతుంది. నడుస్తున్న పంపు మీద నీళ్లు మాత్రం పోయవద్దు. పైభాగం ఒక్కసారిగా ముడుచుకొని ప్లంజర్ పట్టేసే ప్రమాదం ఉంది.

అయినా ఈ ఒక్క పరీక్షతోనే పంపు విప్పించకండి. నేను ఈ పనిలో చేరిన తొలి సంవత్సరాలలో నకిరేకల్ దగ్గరి ఒక రైతు ట్రాక్టర్ లోడ్ మీద అరగంటకోసారి ఆగిపోతుంటే, పంపే పోయిందని తేల్చి, విప్పించి, ఎలిమెంట్లు మార్పించాను. బిగించిన తర్వాత కూడా సరిగ్గా అరగంటకు మళ్లీ ఆగింది. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం చెలక దుమ్ముతో పూడుకుపోయి, డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి అందక, పంపుకు డీజిల్ దిగడం ఆగిపోతున్నదని మూత తిప్పినప్పుడు వచ్చిన చప్పుడుతో తెలిసింది. ఆ రైతు ఖర్చు నా తొందరపాటు వల్ల పోయింది. కొలవకుండా పంపు మీద చెయ్యి వేయకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఇప్పుడు మీకు చెబుతున్నదీ అదే.

కాబట్టి ముందు ట్యాంకు మూత, ఫీడ్ పంపు జాలీ, రెండు డీజిల్ ఫిల్టర్లు, గాలి పీల్చుకునే అవకాశమున్న పైపు కీళ్లు చూడండి. వేడెక్కాక సెల్ఫ్ మోటరే నెమ్మదిగా తిరుగుతున్నదేమో కూడా చూడాలి. బుష్షులు అరిగిన సెల్ఫ్ వేడికి బిగుసుకుపోతుంది, అప్పుడు నింద పంపు మీద పడుతుంది. ఆ తర్వాత మూడు నాజిళ్లను తీయించి నాజిల్ టెస్టర్ మీద పెట్టించండి. పాత తరహా ట్రాక్టర్ ఇంజన్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి మోడల్‌ను బట్టి సుమారు 180 నుంచి 250 బార్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకె ఎంతో చూసుకొని, టెస్టర్ ముల్లు ఎక్కడ ఆగిందో పక్కన నిలబడి మీరే చూడండి. ఒత్తిడి తగ్గితే లోపలి స్ప్రింగు కింద షిమ్ము అనే పలుచని బిళ్ల వేసి సరిచేస్తారు, అది చిన్న పని. కానీ తుంపర పొగమంచులా కాకుండా ధారలా వస్తున్నా, కొన మీద చుక్క నిలుస్తున్నా, ఆ నాజిల్‌ను మార్చడమే మంచిది. నాజిల్ సూదీ దాని బాడీ జతగా తయారవుతాయి, ఒకదాని సూదిని మరొకదానిలో వేయకూడదు. కొన శుభ్రం చేసేటప్పుడు ఇత్తడి బ్రష్షే వాడాలి, ఇనుప బ్రష్షు రంధ్రాల అంచులను చెడగొడుతుంది. నాజిల్ కింద ఉండే రాగి వాషర్‌ను ప్రతిసారీ కొత్తది వేయడం ఉత్తమం. దొరకని చోట పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి వాడుకోవచ్చు. ఇనుము అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఒకటి చాలలేదని రెండు వాషర్లు మాత్రం వేయకండి, నాజిల్ పైకి లేచి తుంపర పడవలసిన చోట పడదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఇబ్బంది పోకపోతే అప్పుడు పంపు దగ్గరికి రావాలి. మీ ప్రశ్నకు నా జవాబు: పంపు బాడీకి పగులు గానీ లోపల తుప్పు గానీ లేకపోతే బాగు చేయించండి, కొత్తది కొనకండి.

ఇందులో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అరిగిన ఎలిమెంట్‌ను సానబట్టి మళ్లీ పనికి వచ్చేలా చేయడం ఏ షాపులోనూ సాధ్యం కాదు. సానబడితే ఖాళీ ఇంకా పెరుగుతుంది. పంపు బాగు చేయడమంటే దాని బాడీ, క్యామ్ షాఫ్టు, వేగాన్ని అదుపుచేసే గవర్నర్ వంటి పెద్ద భాగాలను ఉంచుకొని, ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు, ఆయిల్ సీళ్లు, అవసరమైతే స్ప్రింగులు, బేరింగులు కొత్తవి వేసి, తర్వాత పంపును నడిపి కొలిచే టెస్ట్ బెంచ్ మీద క్యాలిబ్రేషన్, అంటే డీజిల్ కొలతను సరిచేయడం. మన మెకానిక్‌లు ఇలా ఎలిమెంట్లు ఒకే వరుసలో ఉండే వరుస పంపును ఇప్పటికీ మైకో పంపు అనే పిలుస్తారు. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరులోని పొడి అక్షరాలు అవి. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారినా ఊళ్లలో పాత పేరు పోలేదు. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఈ తరహా పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. విప్పి, లోపలి జతలను మార్చి, మళ్లీ బిగించుకునే వీలు ఈ పంపు నిర్మాణంలోనే ఉంది. రెండు జతలు అరిగినందుకు మొత్తం పంపును పాత ఇనుము కింద వేయడం నాకు ఎన్నడూ న్యాయంగా అనిపించలేదు.

షాపును ఎలా ఎంచుకోవాలనేది దీనికన్నా పెద్ద ప్రశ్న. టెస్ట్ బెంచ్ లేని చోట, చేతి అంచనాతో బిగించి ఇంజన్ చప్పుడు విని సరిచేస్తామనే చోట పంపు ఇవ్వకండి. బెంచ్ ఉన్న షాపులో కూడా విప్పక ముందే ఒకసారి బెంచ్ మీద నడిపించి, ఒక్కొక్క సిలిండర్‌కు నిర్ణీత స్ట్రోకులలో ఎన్ని సీసీల డీజిల్ వస్తున్నదో కాగితం మీద రాయించుకోండి. పంపు నిజంగా పోయిందా లేదా అనేది ఆ కాగితమే చెబుతుంది, వర్క్‌షాపు మాటకూ షాపు మాటకూ మధ్య తీర్పు కూడా అదే. బాగు చేసిన తర్వాత మళ్లీ అదే వేగంలో నడిపించి రెండో కొలత రాయించండి. మూడు గొట్టాలలో డీజిల్ మట్టం దాదాపు సమానంగా ఉండాలి, పంపు పట్టికలో ఇచ్చిన అంకెకు దగ్గరగా ఉండాలి. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ 2000 వేగానికి బెంచ్ మీద 1000 దగ్గర కొలుస్తారు. మూడు సిలిండర్ల పంపులో ఒక్కో ఇంజెక్షన్ మొదలు మధ్య 120 డిగ్రీల దూరం ఉండాలి, అర డిగ్రీకి మించి తేడా రాకుండా సరిచేస్తారు. బెంచ్ మీద వాడే క్యాలిబ్రేషన్ ఆయిల్ వేడి 40 డిగ్రీల దగ్గర ఉండాలని నియమం. చల్లని ఆయిల్‌తో కొలిస్తే అరిగిన ఎలిమెంట్ కూడా బాగానే కనిపిస్తుంది, మీ ట్రాక్టర్ పొద్దున పూట బాగా స్టార్ట్ అయినట్టే. తీసేసిన పాత ఎలిమెంట్లను అడిగి తీసుకోండి. ప్లంజర్ పైఅంచు దగ్గర, ఏటవాలు గాడి పక్కన, మెరుపు పోయి పాలవంటి మసక మచ్చ కనిపిస్తే అది అరుగుదల గుర్తు.

మీ ట్రాక్టర్‌కు వరుస పంపు కాకుండా గుండ్రని రోటరీ పంపు ఉంటే లెక్క కొంచెం మారుతుంది. అందులో అన్ని సిలిండర్లకూ కలిపి ఒకే హెడ్డు, ఒకే రోటర్ ఉంటాయి. అవి జతగానే మార్చాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. అప్పుడు షాపు చెప్పే మొత్తం కొత్త పంపు ధరలో సగం దాటుతుంటే, బండి వయస్సు కూడా చూసుకొని కొత్తదాని వైపు ఆలోచించవచ్చు.

నీరు చేరిన పంపు విషయంలో మాత్రం నేను బాగు చేయించమని చెప్పను. వానకాలం అంతా సగం ట్యాంకుతో కదలకుండా నిలబెట్టిన ట్రాక్టర్లలో, ట్యాంకు ఖాళీ భాగంలో చేరిన తేమ నీటి చుక్కలుగా మారి, డీజిల్ అడుగున చేరి, పంపు లోపల తుప్పు పట్టిస్తుంది. బాడీ లోపలి గోడలు, క్యామ్ షాఫ్టు తుప్పుతో గుంటలు పడితే కొత్త ఎలిమెంట్లు వేసినా ఆ తుప్పు పొడి వాటిని కొద్ది నెలల్లోనే తినేస్తుంది.

పంపు బాగై వచ్చాక అదే కారణంతో మళ్లీ అరగకుండా చూసుకోవాలి. మన దగ్గర మోటార్ సైకిల్ మీద క్యాన్లలో డీజిల్ తెచ్చి పొలంలోనే పోసుకోవడం మామూలు. చెలక నేలల దుమ్ములో ఇసుక పాలు ఎక్కువ, ఆ ఇసుక రేణువు ఉక్కును సైతం గీస్తుంది. మూత లేని క్యాన్, మట్టి అంటిన గరాటు, పాత చొక్కా గుడ్డతో వడకట్టడం, ఈ మూడూ మానేస్తే పంపు ఆయుష్షు పెరుగుతుంది. సాయంత్రం పని ముగించాక ట్యాంకు నింపి పెట్టండి, తేమకు చోటు ఉండదు. ఇంకొకటి, బలం తగ్గిందని పంపు మీద సీలు వేసిన స్క్రూను తిప్పి డీజిల్ పెంచమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. నల్లపొగ వస్తుంది, రెండు రోజులు బలం వచ్చినట్టు ఉంటుంది, ఆ తర్వాత పిస్టన్, హెడ్డు అధిక వేడికి దెబ్బతింటాయి.

ప్రశ్న: పంపు అరిగిందని డీజిల్‌లో కొద్దిగా ఇంజన్ ఆయిల్ కలిపి నడుపుతున్నాను. స్టార్టింగ్ మెరుగైంది. ఇలా కొనసాగించవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: కొనసాగించకండి. ఆయిల్ కలిపినందుకు డీజిల్ చిక్కబడి, అరిగిన ఖాళీ నుంచి తక్కువగా జారుతున్నది, అంతే. అరుగుదల ఉన్నచోటే ఉంది. కాలని ఆయిల్ నాజిల్ కొన మీద, పిస్టన్ రింగుల గాడులలో మసిగా పేరుకొని, ఒక ఖర్చు ఉన్నచోట రెండు ఖర్చులు తెస్తుంది. కిరోసిన్ కలపడం ఇంతకంటే చెడ్డది, ఎందుకంటే పంపు లోపలి భాగాలకు నూనె పూత ఇచ్చేది డీజిలే, కిరోసిన్‌కు ఆ జిగురు లేదు.

ప్రశ్న: డిండి వాగు మీద 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్ పెట్టి వేరుశనగకు నీళ్లు పారిస్తాను. మొన్న హెడ్డు రెండు వాల్వుల మధ్య పగిలింది, సైలెన్సర్ నుంచి నీళ్ల తుంపర వస్తున్నది. మా ఊరి వెల్డింగ్ షాపులో అతికిస్తామంటున్నారు. అతుకు నిలుస్తుందా?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: మీ విషయంలో కొత్త హెడ్డు కొనమనే చెబుతాను. సిలిండర్‌ను పైన మూసే ఈ హెడ్డు పోత ఇనుముతో చేసినది, అందులో కార్బన్ పాలు నూటికి రెండు నుంచి నాలుగు దాకా ఉంటుంది. మామూలు వెల్డింగ్ రాడ్డుతో దాన్ని అతికితే, కరిగి తొందరగా చల్లారిన చోట లోహం గాజులా పెళుసుబారి, అతుకు పక్కనే కొత్త పగులు తీస్తుంది. నికెల్ రాడ్డుతో, హెడ్డును ముందుగా వేడి చేసి, కొద్దికొద్దిగా అతుకుతూ, ప్రతి అతుకు మీద చిన్న సుత్తితో తట్టుతూ, నెమ్మదిగా చల్లార్చే పద్ధతి ఉంది. నాలుగు, ఆరు సిలిండర్ల పెద్ద హెడ్డులకు, కొత్తవి ఖరీదైన చోట, ఆ శ్రమ పెట్టవచ్చు. ఒక సిలిండర్ ఇంజన్ హెడ్డుకు ఆ పని కూలి, తర్వాత హెడ్డు అడుగు చదును చేసే ఫేసింగ్, వాల్వు సీట్ల కటింగ్ ఖర్చు కలిపితే కొత్తదాని ధర పక్కకే వస్తుంది. పైగా రెండు వాల్వుల మధ్య సన్నని గోడ ఇంజన్ మొత్తంలో అత్యంత వేడెక్కే చోట్లలో ఒకటి, అక్కడి అతుకు మీద నమ్మకం పెట్టుకోలేము.

అయితే హెడ్డు ఎందుకు పగిలిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే అదీ పగులుతుంది. ఈ పంపుసెట్లలో ఇంజన్‌ను చల్లబరిచే నీరు పంపు డెలివరీ నుంచే సన్నని గొట్టంతో వస్తుంది. వాగులో నీటిమట్టం తగ్గి పంపు గాలి పట్టినప్పుడు ఆ గొట్టంలో నీరు ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం నడుస్తూ వేడెక్కుతూనే ఉంటుంది. మీరు చూసి పంపులో నీళ్లు పోసి మళ్లీ నీరెత్తించగానే వాగు చల్లనీరు ఒక్కసారిగా కాలిపోతున్న హెడ్డులోకి దూకుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. నీరు ఆగిందని గమనిస్తే ముందు ఇంజన్ ఆపి, హెడ్డు చేతితో తాకగలిగేంత చల్లారేదాకా ఆగండి. ఒండ్రు చేరి నీటి దారులు పూడుకున్నాయేమో కూడా హెడ్డు విప్పిన ఇప్పుడే చూసి గీకించండి. కొత్త హెడ్డు బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తదే వేయాలి, నట్లను ఒకేసారి బిగించకుండా ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య ఖాళీ సరిపోయిందో లేదో సన్నని సీసం తీగ పెట్టి, ఇంజన్‌ను చేతితో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిచి పుస్తకంలోని అంకెతో పోల్చుకోవాలి.

ప్రశ్న: ట్రాక్టర్ వేడెక్కాక ఆయిల్ లైటు వెలుగుతుంటే ఇంజన్ దించాము. క్రాంక్ మీద, బేరింగుల మీద గీతలు పడ్డాయి. మెకానిక్ ఎమిరీ పేపర్‌తో రుద్ది కొత్త బేరింగులు వేస్తానంటాడు. లేత్ షాపువారు గ్రైండింగ్ చేయాలంటారు. కొత్త క్రాంక్ కొనే స్థోమత మాకు లేదు.
– ఒక ట్రాక్టర్ యజమాని, వనపర్తి

సమాధానం: కొత్తది కొనవలసిన అవసరం చాలావరకు రాదు. క్రాంక్ గ్రైండింగ్ అనేది ఇంజన్ మరమ్మతులలో అన్నిటికంటే నమ్మదగినది. ఎమిరీ పేపర్‌తో రుద్దడం మాత్రం మరమ్మతు కాదు. గీతలు కనిపించకుండా పోతాయి గానీ కోడిగుడ్డు ఆకారంలో అరిగిన జర్నల్, అంటే బేరింగులో తిరిగే క్రాంక్ భాగం, గుండ్రంగా మారదు, ఆయిల్ ఒత్తిడి మళ్లీ పడిపోతుంది.

ముందు ప్రతి జర్నల్‌ను మైక్రోమీటర్‌తో రెండు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా కొలిపించండి. అరుగుదల ఎంతో తేలాక మొదటి మెట్టు 0.25 మి.మీ., రెండోది 0.50, మూడోది 0.75, ఇలా తగ్గించి గ్రైండింగ్ చేసి, అంతే కొలత బేరింగులు వేస్తారు. ఒక పిన్ను మాత్రమే చెడినా అన్ని పిన్నులనూ ఒకే కొలతకు తేవాలి. గ్రైండింగ్‌కు ముందు పగుళ్లు, వంపు పరీక్ష చేయించడం తప్పనిసరి. పగులు ఉన్న క్రాంక్‌ను అతికించి వాడవద్దు. జర్నల్ పక్క గోడను కలిసే మూలలో చిన్న గుండ్రని వంపు ఉంటుంది, సానరాయి దాన్ని పదునైన మూలగా మార్చకూడదు. అక్కడ పదును ఉంటే బరువు పడినప్పుడల్లా ఒత్తిడి అక్కడే చేరి కొంతకాలానికి క్రాంక్ అక్కడే విరుగుతుంది. లేత్ షాపులో పనితనం చూడాలంటే నేను ముందుగా ఆ మూలలే చూస్తాను. లోపలి ఆయిల్ దారుల మూతలు తీసి గ్రైండింగ్ పొడి కడగకపోతే కొత్త బేరింగులు కొద్ది గంటల్లోనే గీతలు పడతాయి. కొన్ని క్రాంక్‌ల పైపొర మాత్రమే పలుచగా గట్టిచేసి ఉంటుంది కాబట్టి, మీ మోడల్ ఎన్ని మెట్లకు పనికివస్తుందో పుస్తకంలో చూసి చెప్పమనండి. ఆయిల్ పంపును కూడా ఇదే సమయంలో కొలిపించండి, లైటు వెలగడానికి అసలు కారణం అది కూడా కావచ్చు.

ప్రశ్న: 2021లో కొన్న డీజిల్ పికప్ వాహనంలో ఒక ఇంజెక్టర్ పోయిందని చెప్పారు. ట్రాక్టర్ నాజిళ్లు బాగుచేసే మెకానిక్ దీన్నీ విప్పి శుభ్రం చేస్తానంటున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక వాహన యజమాని, మహబూబ్‌నగర్

సమాధానం: ఆయన పనిమంతుడే కావచ్చు, అయినా ఇవ్వకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల కింద వచ్చిన మీ బండిలో కామన్ రైల్ పద్ధతి, అంటే రైలు అనే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే పద్ధతి ఉంటుంది. ట్రాక్టర్ నాజిల్ 200 బార్ల దగ్గర పనిచేస్తే, కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి 1600 బార్లు దాటి 2000 వరకు కూడా వెళుతుంది. ఇంజెక్టర్ లోపలి వాల్వును కంప్యూటర్ నడుపుతుంది, ప్రతి ఇంజెక్టర్‌కూ దాని తయారీ కొలతలను చెప్పే కోడ్ అంకె ఉంటుంది, మార్చినప్పుడు ఆ కోడ్‌ను స్కానర్‌తో బండి కంప్యూటర్‌లో రాయాలి. వీటిని బాగు చేయడం సాధ్యమే, కానీ కామన్ రైల్ టెస్ట్ బెంచ్, దుమ్ము చొరబడని గది ఉన్న షాపులో మాత్రమే. విప్పక ముందు నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలను నాలుగు సీసాలలో పెట్టి, ఇంజన్ నడిపి, ఏ సీసాలో డీజిల్ ఎక్కువ చేరిందో చూపించమనండి. ఫిల్టర్‌లో మెరిసే లోహపు పొడి కనిపిస్తే పోయింది ఇంజెక్టర్ కాదు, హై ప్రెషర్ పంపు. ఆ పొడి రైలు, గొట్టాలు అన్నిటిలోకీ చేరి ఉంటుంది కాబట్టి ఒక్క ఇంజెక్టర్ మార్చడం వృథా ఖర్చు.

ఇంకొక ప్రమాదం గురించి మీకూ మీ మెకానిక్‌కూ గట్టిగా చెప్పాలి. పాత ఇంజన్లలో ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి, ఇంజన్ నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును స్పానర్‌తో వదులు చేసి చూస్తారు. నాకు నేర్పినవాళ్లు నేర్పిన పద్ధతీ అదే. కామన్ రైల్ ఇంజన్ మీద ఆ పని ఎన్నడూ చేయకూడదు. అంత ఒత్తిడిలో వదులైన నట్టు నుంచి వెలువడే డీజిల్ ధార చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి దిగుతుంది. లీకు వెతకడానికి కూడా పైపుల వెంట చెయ్యి పెట్టకూడదు, అట్టముక్క పట్టుకొని చూడాలి. ఇంజన్ ఆపిన వెంటనే కూడా ఒత్తిడి పూర్తిగా పోదు, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాకే నట్టు తాకాలి. ఎవరికైనా అలా తగిలితే పైకి సూది గుచ్చిన మచ్చంతే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా తక్కువగా ఉండవచ్చు. కానీ లోపల డీజిల్ వేళ్ల లోపలి పొరల వెంట పాకుతుంది, కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయవలసి వస్తుంది. సబ్బుతో కడిగి కట్టుకట్టి ఇంటికి పంపకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోయి, ఇది మామూలు గాయం కాదని, ఎక్కువ ఒత్తిడిలో డీజిల్ చర్మం లోపలికి ఎక్కిందని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.